ఏవ్‌బరీ: లేని రాళ్లు కూడా కనిపించే చోటు

ఇంగ్లండ్‌కు వచ్చిన మనవాళ్లు చాలామంది స్టోన్‌హెంజ్ అనే పురాతన రాతి వలయం చూసి వెళ్లిపోతారు. అక్కడ మామూలు టికెట్‌తో రాళ్ల మధ్యకు పోనివ్వరు. స్విండన్ పట్టణం నుంచి బస్సులో వెళ్లే ఏవ్‌బరీ అనే ఊళ్లో కూడా అలాంటి రాతి వలయమే ఉంది, ఇక్కడ మాత్రం రాళ్లను చేత్తో తాకొచ్చు. వాటి చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి. ఊళ్లో కొంత భాగం, ఓ పబ్బుతో సహా, వలయం లోపలే ఉంది.

ముందు వలయం చుట్టూ ఉన్న మట్టికట్ట ఎక్కాను. లోపలివైపు కందకం. ఇప్పుడు సగానికి పైగా పూడిపోయింది కానీ, తవ్వినప్పుడు 9 మీటర్ల లోతుండేదట. నాలుగున్నర వేల ఏళ్ల కిందట, ఇనుమంటే తెలియని మనుషులు దుప్పి కొమ్ములతో సుద్దనేలను ఇంత లోతుకు తవ్వారు! బయటి వలయంలో అప్పట్లో వందకు దగ్గరగా రాళ్లుండేవి.

మరి అవన్నీ ఏమయ్యాయి? మధ్యయుగంలో కొన్నింటిని గోతులు తీసి పాతిపెట్టేశారు. 17, 18 శతాబ్దాల్లో మంటల్లో కాల్చి, చన్నీళ్లు పోసి, సమ్మెటలతో పగలగొట్టి ఇళ్లు కట్టుకున్నారు. 1930ల్లో అలెగ్జాండర్ కీలర్ అనే సంపన్నుడు ఇక్కడి భూమి కొని, పాతేసిన రాళ్లను తవ్వించి మళ్లీ నిలబెట్టించాడు. 1938లో ఒక రాయి దగ్గర అస్థిపంజరం బయటపడింది. దాంతోపాటు కత్తెర, 14వ శతాబ్దపు నాణేలు.

రాయి దొరకని చోట కీలర్ చిన్న కాంక్రీటు దిమ్మె పెట్టించాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కొత్త రాయి తెచ్చి నిలబెడితే చూడ్డానికి బాగుండేదేమో కానీ అబద్ధమయ్యేది. తెలంగాణలో రాకాసిగుళ్లని పిలిచే రాతి వలయాలు పొలాల చదునులో, రాళ్ల క్వారీల్లో ఎన్నో పోయాయి. వాటి చోట గుర్తు కూడా మిగల్లేదంటే బాధేస్తుంది.

ఊరి నుంచి జంట రాళ్ల దారి, వెస్ట్ కెన్నెట్ అవెన్యూ, రెండున్నర కిలోమీటర్లు సాగి ఓవర్టన్ గుట్ట మీది శాంక్చురీ అనే మరో రాతి వలయానికి చేరుతుంది. కొంత దూరం పోయాక రాళ్లు ఆగిపోతాయి, దారి ఊహించుకోవాల్సిందే. శాంక్చురీలో ఇప్పుడు ఒక్క పాతరాయీ లేదు. 1720ల్లో పురాతన కట్టడాల పరిశోధకుడు విలియం స్ట్యూక్లీ ఈ ప్రాంతాన్ని బొమ్మలు గీస్తున్న రోజుల్లోనే కూల్చేశారు. 1930లో పురావస్తు శాస్త్రవేత్త మాడ్ కన్నింగ్టన్ తవ్వి, రాళ్లు నిలిపిన గుంతలను మళ్లీ కనిపెట్టింది. ఇప్పుడక్కడ అన్నీ కాంక్రీటు దిమ్మెలే. పక్కన హైవే మీద లారీల మోత ఉన్నా, వాటి మధ్యే ఎక్కువసేపు తిరిగాను. పడమటివైపు సిల్బరీ హిల్ కనిపిస్తుంది. మనుషులు పోసిన దిబ్బ, 30 మీటర్లకు పైనే ఎత్తు, లోపల ఎవరి సమాధీ దొరకలేదు. దాని దగ్గరే ఉన్న వెస్ట్ కెన్నెట్ సమాధి ఇంకో వెయ్యేళ్లు పాతది. అదీ చూడాలంటే పొద్దున్నే బయల్దేరండి.