ఉప్పు సరస్సులో జింకల దీవి

నవంబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి సాల్ట్‌లేక్ సిటీ వెళ్లినప్పుడు, ఓ ఆదివారం పొద్దున్నే యాంటిలోప్ ఐలాండ్ అనే దీవికి తీసుకెళ్లాడు. ఉప్పు సరస్సు మధ్యలో వేసిన కట్ట మీద పదకొండు కిలోమీటర్లు కారులో పోవాలి. రెండు పక్కలా నీళ్లు, ఒడ్డున తెల్లగా ఉప్పు, ముక్కు మూసుకునేంత వాసన. 1893లో ఇక్కడ వదిలిన పన్నెండు బైసన్ల (అమెరికా అడవిదున్నల) సంతతి ఇప్పుడు వందల్లో ఉంది. అందరూ వాటి కోసమే వస్తారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక జింక. గార్ రాంచ్ అనే పాత పశువుల క్షేత్రంలోని ఇంటి వెనక, చెట్ల కింద నిలబడి ఉంది. మ్యూల్ డీర్. పేరుకు తగ్గట్టే కంచరగాడిద చెవుల్లాంటి చెవులు. ఎదకాలం కదా, మెడ ఎద్దు మెడలా ఉబ్బి ఉంది. కుడి కొమ్ములో ఒక కొస విరిగి, విరిగిన చోట తెల్లగా మెరుస్తోంది. ముప్పై అడుగుల దూరంలో మేమున్నా బెదరలేదు. ఒకసారి చూసి, ముక్కులోంచి ఆవిరి వదిలి, ఆడజింక వెనకాలే నడిచిపోయింది.

పక్కనే ఒక పెద్దాయన మనవడికి బైనాక్యులర్స్‌లో చూపిస్తున్నాడు. ఆయన వేటగాడు. ఈ దీవిలో ఏడాదికి రెండే మ్యూల్ డీర్ ట్యాగ్‌లు, అంటే ఒక్కో జింకని వేటాడే అనుమతులు, ఇస్తారట. ఒకటి లాటరీలో, రెండోది వేలంలో. 2016లో ఆ వేలం పాట 4 లక్షల డాలర్లు దాటిందని చెప్తే, సరిగ్గా విన్నానా అని మా అబ్బాయిని మళ్లీ అడిగించాను.

"ఆ డబ్బు దండగ పోవడం లేదు, మొక్కలకీ జంతువులకీ ఖర్చు పెడుతున్నారు" అన్నాడు ఆయన. అది నిజమే, కాదనలేను. గేటు దగ్గర మాలాంటివాళ్లు కట్టే డబ్బుతో అంత పని జరగదు. అయినా నాకు మనసొప్పలేదు. మా ఊళ్లో చేపల చెరువు పాట పెట్టిన ఏడాది పంచాయతీకి డబ్బొచ్చింది, రోడ్డూ పడింది. కానీ అప్పటిదాకా గాలం వేసుకునే పిల్లల్ని గట్టు మీదికి కూడా రానివ్వలేదు. ఇక్కడా అడవి జంతువులు రాష్ట్రం ఆస్తి, అంటే అందరివీ. రెండు ట్యాగ్‌లూ లాటరీలోనే పెట్టి, దీవి ఖర్చు ప్రభుత్వం భరించాలి. అందరి సొత్తును చూసుకోవడానికి ఒక్క డబ్బున్నవాడి సరదా మీద ఆధారపడటం నాకు తప్పనిపిస్తుంది.

ఆ మాటే మా అబ్బాయి చేత చెప్పించాను. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఏళ్ల తరబడి లాటరీలో పేరు ఇస్తూనే ఉన్నాడట, ఒక్కసారీ రాలేదు. మనవడికి వయసు రాగానే వాడి పేరు కూడా ఇస్తానన్నాడు.

ఈలోగా జింక మళ్లీ చెట్ల మధ్యకి వచ్చింది. పిల్లవాడు గుసగుసగా కొమ్ము కొసలు లెక్కపెట్టాడు. ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు. విరిగినదాన్ని కలపాలా వద్దా అని తాతని అడిగాడు.