నెలసరికీ ఊపిరితిత్తికీ ఏమిటి సంబంధం?

గాజువాకలో ఎవరికి ఆయాసం వచ్చినా ముందు దుమ్మును తిడతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. నాకు కుడి భుజం లాగేస్తోందంటే గ్యాస్ అన్నారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయి కనిపించాక టీబీ అన్నారు. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు. గొట్టం వేసి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి తీసి పంపేశారు. కొన్ని నెలలకు మళ్లీ అదే.

ఆ రెండోసారి రాత్రి మరిచిపోలేను. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం మంచం కింద ఉన్న నీళ్ల సీసాలోకి దిగింది. దగ్గినప్పుడల్లా సీసాలో బుడగలు. తెల్లవారుజామున బుడగలు ఆగిపోయాయి, నాకు ఊపిరి అందడం మానేసింది. అమ్మ నర్సు కోసం పరుగెత్తింది. ఆమె వచ్చి నన్ను పక్కకు తిప్పితే, గొట్టం నా నడుము కింద మడతపడి ఉంది! ఆ నర్సమ్మ చల్లగా ఉండాలి.

పొద్దున రౌండ్స్‌లో అమ్మ పెద్ద డాక్టరుతో, "రెండుసార్లూ బహిష్టయిన మర్నాడే వచ్చింది బాబూ" అంది. ఆయన నవ్వి, "మీ ఆడవాళ్లు అన్నిటికీ దానితోనే ముడిపెడతారమ్మా" అన్నారు. వెనకున్న విద్యార్థులూ నవ్వారు.

నవ్వని ఒక్క పీజీ అమ్మాయి మధ్యాహ్నం తిరిగి వచ్చి తేదీలు రాసుకుంది. నెలసరిలో కడుపునొప్పి ఎన్నాళ్లుగా ఉందని అడిగింది. నెలసరి సమయంలో ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి కుంగిపోయే జబ్బు, కాటమీనియల్ న్యూమోథొరాక్స్ కావచ్చని చెప్పింది. గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడం ఎండోమెట్రియోసిస్. అది ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర, అంటే డయాఫ్రం మీద పెరిగితే చిల్లులు పడి, వాటిగుండా గాలి ఛాతీలోకి చేరవచ్చట. సాధారణంగా నెలసరి మొదలైన 72 గంటల్లోపు, ఎక్కువగా కుడివైపే, ఊపిరితిత్తి కుంగుతుందట. 1958లోనే వైద్య పత్రికకెక్కిన జబ్బు ఇది. అమ్మ మాటకు నవ్వడమెందుకు మరి?

కెమెరా ఆపరేషన్‌లో చిల్లులు కనిపించాయి. కుట్టి, వల అమర్చి, ఊపిరితిత్తి మళ్లీ జారకుండా ఛాతీ గోడకు అతుక్కునేలా చేశారు. తిరగబెట్టే జబ్బు కాబట్టి ఎండోమెట్రియోసిస్‌ను అణిచే హార్మోన్ మాత్ర డైనోజెస్ట్ వేసుకుంటున్నాను. అది వాడినన్నాళ్లూ గర్భం కుదరదు. "మరి పిల్లలో?" అంటుంది పిన్ని. ముందు ఊపిరి పీల్చుకోనీ పిన్నీ!

నెలసరి రోజుల్లో ఛాతీ లేదా కుడి భుజం నొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఎక్స్‌రే తీయించుకోండి. డాక్టరు అడగకపోయినా తేదీ చెప్పండి.

అమ్మ మొక్కు ప్రకారం మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మికి నా చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించి వచ్చాను. ఆపరేషన్ రిపోర్టు నకలు ఆ పెద్ద డాక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం వచ్చింది, జవాబు మాత్రం రాలేదు.