ఏడో ఖాతా దగ్గర ఆగిపోయాం

మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో తెలుగు వికీపీడియా శిక్షణ పెట్టిన రోజు నా టెన్షనంతా కరెంటు గురించే. సర్టిఫికెట్ ఇస్తామన్నాం కాబట్టి ముప్పై మంది వచ్చారు. అందరూ ఒకేసారి ఖాతాలు తెరవబోతే ఆరుగురికి తెరుచుకున్నాయి, ఏడో అమ్మాయికి కుదరదని వచ్చింది. ఒకే ఐపీ చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరట. ల్యాబ్ మొత్తానికి ఉన్నదేమో ఒకటే కనెక్షన్. ఫోన్ డేటాతో తంటాలు పడి మిగతావి తెరిచేసరికి భోజనాల వేళయింది.

మధ్యాహ్నం ఎవరి ఊరి గురించి వాళ్లను రాయమన్నాను. మర్నాడు చూస్తే సగానికి పైగా పేజీలకు తొలగింపు మూస, అంటే ఈ పేజీ తీసేయాలనే అచ్చు నోటీసు, తగిలించి ఉంది. పిల్లలు ఎక్కడెక్కడివో తెచ్చి అతికించేశారు. పైగా తెవికీలో ఊళ్ల పేజీలు వేలల్లో ఉన్నాయి, మా ఊళ్లవీ చాలావరకు ముందే ఉన్నాయి. వెతికి చూసుకోకుండా ఆ పని అప్పజెప్పింది నేనే. ఆ మూసలు పెట్టిన వికీ నిర్వాహకుల మీద కాసేపు ఉడుక్కున్నాను గానీ, వాళ్లు చేసింది సబబే. నెల తిరిగేసరికి, ఎవరేం దిద్దారో చూపించే 'ఇటీవలి మార్పులు' పేజీలో మావాళ్లు ఇద్దరే మిగిలారు.

మరుసటి ఏడు ఖాతాలు ఇంటి దగ్గరే తెరుచుకు రమ్మన్నాను. సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. పదకొండు మందే వచ్చారు. ఈసారి వ్యాసాలు వద్దనుకుని వికీసోర్స్‌లో, అంటే పాత పుస్తకాలను టైపు పాఠంగా పెట్టే వికీపీడియా తోబుట్టువు సైటులో, కూర్చోబెట్టాను. ఒక పక్క పాత పుస్తకం స్కాన్, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం. అది అరసున్నలు మింగేస్తుంది, వత్తులు తారుమారు చేస్తుంది. రెండూ పోల్చి దిద్దడమే పని. కాపీహక్కులు తీరిన పుస్తకాలు కాబట్టి తీసేస్తారన్న భయం లేదు. దిద్దితే పేజీ గుర్తు ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ఆకుపచ్చ కావాలంటే మాత్రం ఇంకొకరు సరిచూడాలి, మన పేజీని మనమే ఆకుపచ్చ చేసుకోలేం. తన పేజీ పచ్చబడిందో లేదో చూడ్డానికే ఒకబ్బాయి రోజూ లాగిన్ అయ్యేవాడు. చూడ్డానికి వచ్చినవాడు ఊరికే పోడు కదా, ఇంకో పేజీ దిద్ది పోయేవాడు.

నేను చేసిందల్లా రాత్రి పది నిమిషాలు వాళ్ల చర్చ పేజీల్లో, అంటే ఒక్కొక్కరి ఖాతాకు ఉండే సందేశాల పేజీల్లో, రాయడం. స్వాగతం మూస ఎలాగూ అందరికీ పడుతుంది, దాన్ని ఎవరూ చదవరు. "ఆ పద్యంలో జారిపోయిన 'ళ' పట్టుకున్నావు, నేను చూడనే లేదు" అని రాస్తే వెంటనే జవాబొచ్చేది.

పరీక్షలప్పుడు అందరూ మాయమయ్యారు. ఎందుకు రావట్లేదని ఎవర్నీ అడగలేదు, సెలవుల్లో నలుగురు వాళ్లంతట వాళ్లే వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయికి ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం. మొన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "మేడం, 112వ పేజీలో అది అరసున్నా, మరకా?"

స్కాన్ పెద్దది చేసి చూశాను. మరకే.