శ్రుతి కలిసిందని జర్మన్‌లో ఎలా చెప్పాలి

పొద్దున్న ఆరున్నరకి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఏడింటి జర్మన్ క్లాసుకి ఫోన్ ముందు కూర్చున్నాను. నిన్నటి హోంవర్కు మేడమ్ దిద్ది పంపారు. ఒక వాక్యం కింద ఎర్రగీత ఉంది. "మా నాన్న హార్మోనియం మీద ఒక పాట వాయిస్తాడు" అని రాశాననుకున్నాను. నేను రాసినదానికి అర్థం మాత్రం "మా నాన్న హార్మోనియం మీద ఒక దుఃఖం వాయిస్తాడు" అట.

పాటని జర్మన్‌లో లీట్ అంటారు, దుఃఖాన్ని లైట్ అంటారు. రెండిట్లోనూ అవే నాలుగు అక్షరాలు. మధ్యలో ఉన్న ఐ, ఈ అటూ ఇటూ అయితే చాలు, పాట కాస్తా దుఃఖమైపోతుంది. మేడమ్ ఒక చిట్కా చెప్పారు: ఆ జంటలో రెండో అక్షరం ఏదో చూసి, దాని ఇంగ్లీషు పేరు పలకడమే. ఐ తర్వాత ఈ ఉంటే 'ఈ', ఈ తర్వాత ఐ ఉంటే 'ఐ'. ఈ ముక్క మొదటి నెలలోనే చెప్పి ఉంటారు, నాకు మాత్రం ఈరోజు ఎక్కింది. క్లాసు అయ్యాక నాన్నకి చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు.

"తప్పేటి? కాటిసీనులో నేను వాయించేది అదే కదమ్మా."

ఏడాదిగా నేర్చుకుంటున్న జర్మన్ అంతా ఆసుపత్రి జర్మనే. ష్మెర్ట్స్ అంటే నొప్పి, ఫీబర్ అంటే జ్వరం, బ్లూట్‌డ్రుక్ అంటే రక్తపోటు. జర్మనీలో నర్సు ఉద్యోగానికి కావాల్సినవి అవే కాబట్టి అవే బట్టీ పట్టాను. ఈ వారం జర్మన్ బీ-వన్ స్థాయి పరీక్షలో మాట్లాడే భాగానికి తయారవుతున్నాం. ఒక విషయం ఇస్తారు, దాని మీద ఐదు స్లైడ్లు. మొదట విషయం ఏమిటో చెప్పాలి, తర్వాత సొంత అనుభవం, ఆపైన మన దేశంలో పరిస్థితి, మంచీ చెడూ, చివర ముగింపు. నాకు వచ్చిన విషయం సంగీతం. మాటల జాబితా చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ భాషలో రోగం గురించి కాకుండా ఇంకోదాని గురించి నోరు విప్పే అవకాశం ఇదే మొదటిసారి.

నిద్రపోవాల్సిన టైములో జాబితా పట్టుకుని పడుకున్నాను. వాళ్లు ఏ వాయిద్యాన్నయినా ష్పీలెన్ అంటారు, అంటే ఆడటం. వయొలిన్‌నీ ఆడతారు, ఫ్లూటునీ ఆడతారు, డోలునీ ఆడతారు. మనకి ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది: వీణ మీటుతాం, సన్నాయి ఊదుతాం, డప్పు కొడతాం. మన మాట వినగానే చెయ్యి ఏం చేస్తోందో, నోరు ఏం చేస్తోందో కనిపిస్తుంది. ఇక్కడ మన భాషే గొప్పది అనిపించింది నాకు. అయితే డ్రమ్స్ సెట్టుకి వాళ్లు పెట్టుకున్న పేరు విన్నాక ఆ మాట కొంచెం వెనక్కి తీసుకున్నాను. ష్లాక్‌ట్సోయ్క్ అట. విడదీస్తే 'కొట్టే సామాను'.

మనకి కలిసొచ్చేదీ ఒకటుంది. "దాస్ లీట్ గెఫెల్ట్ మియర్" అంటే "ఆ పాట నాకు నచ్చింది". అచ్చంగా మన వాక్యమే. నచ్చేది పాట, నచ్చింది నాకు. ఇంగ్లీషులో 'నేను' ముందుకొచ్చి కూర్చుంటుంది, ఇక్కడ పాటే కర్త. 'ఎందుకంటే' అని మొదలుపెడితే వాళ్ల క్రియ కూడా మనలాగే వాక్యం చివరికి పోతుంది. క్లాసులో కొంతమంది దీని దగ్గర తెగ టెన్షన్ పడుతున్నారు. నేను మటుకు తెలుగులో అనుకుని జర్మన్‌లో చెప్పేస్తున్నాను.

జాబితాలో నన్ను పట్టుకుని వదలని మాట ష్టిమ్మె. గొంతు అని అర్థం, ఓటుకి కూడా అదే మాట. దాన్ని క్రియ చేసి ష్టిమ్మెన్ అంటే శ్రుతి చేయడం. దాంట్లోంచే ష్టిమ్ముంగ్ వచ్చింది: వాయిద్యం శ్రుతికీ అదే, మనిషి మనసు ఉన్న తీరుకీ అదే. శ్రుతి తప్పిన వాయిద్యం ఫెర్‌ష్టిమ్ట్. మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి కూడా ఫెర్‌ష్టిమ్ట్. "అవును, నువ్వన్నది నిజమే" అనడానికి క్లాసులో రోజుకి పదిసార్లు "దాస్ ష్టిమ్ట్" అంటూనే ఉన్నాను. ఇన్నాళ్లూ అందులో శ్రుతి ఉందని నాకు తెలియనే తెలియదు. మధ్యాహ్నం దాకా నిద్ర పట్టలేదు.

లేచేసరికి నాన్న హార్మోనియం పై చెక్క ఊడదీసి అరుగు మీద పెట్టుకుని ఉన్నాడు. ఈ వానలకి మధ్య స్థాయిలో ఒక రీడు కొద్దిగా కిందికి దిగింది. రేపు పాతపట్నంలో నాటకం రిహార్సలు. నేను పక్కన కూర్చున్నాను. చిన్నప్పటి నుంచి ఆ పెట్టె పక్కనే పెరిగాను గానీ లోపల ఏముందో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ స్లైడు కోసం అడగాల్సి వచ్చింది.

ఇత్తడి పలక మీద సన్నటి చీలిక, ఆ చీలికలో ఒక చివర బిగించిన పల్చటి ఇత్తడి రేకు. గాలి తగిలితే అది కొట్టుకుంటుంది, స్వరం పలుకుతుంది. నాన్న ఆ రేకు కిందికి ఒక బ్లేడు దూర్చి ఆనిచ్చి, కొన దగ్గర చిన్న ఆకురాయితో రెండే రెండుసార్లు గీశాడు. ఇత్తడి పొడి గోరు మీద పడింది, ఊదాడు. "కొస దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతాది. మొదట్లో గీస్తే దిగుతాది. ఎక్కువ గీసేసావంటే మరింక పనికిరాదు." మెట్టు నొక్కి విన్నాడు. మళ్లీ ఒక్క గీత. మళ్లీ విన్నాడు. నాకు మొదటిదానికీ రెండోదానికీ తేడా తెలియలేదు. మూడోసారి పై స్థాయి స్వరంతో కలిపి నొక్కాడు. అప్పటిదాకా రెండిటి మధ్యా సన్నగా వణికినట్టు ఉన్నది ఆగిపోయి, రెండూ ఒకటే అయిపోయాయి. అది మాత్రం నాకూ వినిపించింది.

ఆ రేకుని జర్మన్‌లో ట్సుంగె అంటారు, నాలుక. పూర్తి పేరు ష్టిమ్‌ట్సుంగె, శ్రుతి నాలుక. చెప్పగానే నాన్న ఆ రేకుని మళ్లీ ఒకసారి చూశాడు. మా పెట్టెలో ఉన్నవి జర్మన్ రీడ్లే అని అందరికీ చెప్పుకుంటాడు మరి. గాలి తోసే మడతల భాగాన్ని బాల్గ్ అంటారని చెప్పాను. ఆ మాటకి జంతువు తోలు అని కూడా అర్థముంది. నాన్న దాన్ని తిత్తి అంటాడు. వీధి భాగవతాల్లో శ్రుతి కోసం ఊదే తోలు సంచీ కూడా తిత్తే కదా. వాళ్లకీ మనకీ ఆ పేరు తోలు దగ్గరే పుట్టింది. మెట్లు అన్న మాట కూడా అంతే. స్వరాల వరసని వాళ్లు టోన్‌లైటర్ అంటారు, స్వరాల నిచ్చెన. మనం ఆరోహణ, అవరోహణ అంటాం, ఎక్కడం, దిగడం.

తర్వాత గంటసేపు చేసిన పని రాయాలి, మర్చిపోకుండా. మెడికల్ షాపులో కొన్న తెల్ల టేపు, సెలైన్ సూది కదలకుండా అంటించేది, చిన్న ముక్కలుగా కత్తిరించాను. ఒక్కో మెట్టు మీదా అంటించి జర్మన్ పేర్లు తెలుగులో రాశాను. నాటకాల వాళ్లకి సి, డి లు పట్టవు. "ఐదు శ్రుతి పెట్టండి", "నాలుగున్నరలో పాడతాను" అంటారు. అందుకని నాన్న లెక్క చెబుతుంటే నేను రాశాను. ఒకటి, ట్సే. ఒకటిన్నర, ట్సిస్. రెండు, డే. నాలుగున్నర, ఫిస్. ఐదు, గే. ఆరు, ఆ. ఆరున్నర దగ్గర ఆగాను. ఇంగ్లీషు వాళ్లు ఏడు శ్రుతిని బీ అంటారు. జర్మన్‌లో బే అంటే ఆరున్నర, ఏడుకి హా అని వేరే అక్షరం. మొదట ఇది చికాకు పెట్టింది. కానీ ఈ హా ఉండబట్టే ఒక చక్కని పని కుదిరింది. 1685లో పుట్టి 1750లో పోయిన బాఖ్ అనే మహా సంగీతకారుడి పేరులో నాలుగు అక్షరాలు, బే, ఆ, ట్సే, హా. నాలుగూ స్వరాలే. తన పేరునే స్వరాలుగా చేసి రచనలో వాడుకున్నాడు. నాన్నకి చెప్పాను: ఆరున్నర, ఆరు, పై ఒకటి, ఏడు. మెల్లగా నొక్కాడు. పక్కపక్కనే నలిగే స్వరాలు, మన చెవికి ఏ రాగమూ కాదు. మళ్లీ నొక్కాడు.

"మనవాళ్లు చరణంలో తమ పేరు ముద్రగా వేస్తారు. ఈయన స్వరంలోనే వేసేసేడన్నమాట."

సాహిత్యంలో 'స' అక్షరం పడేచోట స్వరం కూడా 'స' పడితే స్వరాక్షరం అంటారని అప్పుడే చెప్పాడు. అంటే ఇవాళ జర్మన్ మాటలతో పాటు నాన్న మాటలూ నేర్చుకున్నాను. నిజానికి నాన్నవే ఎక్కువ. స్లైడు రాయాల్సి రాకపోతే ఇవి అడిగేదాన్ని కాదు, అడగకుండానే విమానం ఎక్కేసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా గుండె బరువెక్కుతోంది.

డూర్, మోల్ అనే రెండు స్వర వరసల దగ్గర మాత్రం మాకు పాఠంతో పేచీ వచ్చింది. లాటిన్‌లో గట్టిది, మెత్తనిది అనే మాటల నుంచి వచ్చాయవి. డూర్ మన శంకరాభరణం వరస, మోల్ నటభైరవి వరస. మోల్ వింటే దిగులుగా ఉంటుందని పుస్తకంలో ఉంది. నాన్న ఒప్పుకోలేదు. నటభైరవిలో పుట్టిన హిందోళం వాయించి, "ఇందులో దిగులెక్కడుంది?" అన్నాడు. నాకూ కనపడలేదు. నాలుగో స్లైడులో నా అభిప్రాయం చెప్పాలి కదా, ఇదే చెబుతాను.

మూడో స్లైడు, 'నా దేశంలో పరిస్థితి', ఇంకా కొలిక్కి రాలేదు. దేశం అని మొదలుపెడితే ఏమీ తోచడం లేదు. ఊరు అనుకుంటే తోస్తోంది. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు రాయడం అమ్మ నేర్పింది. ఇక్కడ ఒక వీధిలో ఒడియా భజన, పక్క వీధిలో తెలుగు పద్యం, సంత రోజున కొండ మీది నుంచి దిగే సవరల మాటలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు పర్లాకిమిడి అందులోకి వెళ్లింది, పాతపట్నం తెలుగు వైపే ఉండిపోయింది. హార్మోనియం మాత్రం వారానికోసారి ఆటోలో ఆ సరిహద్దు దాటుతూనే ఉంది.

నిన్న ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, సవర భాష నేర్చుకున్నదీ ఇక్కడే. చదువుకోవడానికి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు, సవరలను కూర్చోబెట్టుకుని అడిగి అడిగి రాసుకున్నారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి, చెవులు పోగొట్టుకున్నారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. వినికిడి పోయిన మనిషి ఒక భాష ఉచ్చారణని అంత జాగ్రత్తగా కాగితం మీద పెట్టాడంటే, ఫోనూ ఆప్‌లూ ఉన్న నేను లీట్‌నీ లైట్‌నీ కలిపేయకూడదు. ఆయన గురించి రెండు వాక్యాలు మూడో స్లైడులో పెడతాను. సంగీతానికి సంబంధం ఏమిటని మేడమ్ అడిగితే, చెవి అని చెబుతాను.

మొన్న రాత్రి వార్డులో ఒక సవర అవ్వ నిద్ర పట్టక లోలోపలే ఏదో పాడుకుంటోంది. సెలైన్ మార్చడానికి వెళ్లినప్పుడు నన్ను చూసి ఆపేసింది. పాడుకో అవ్వా అని ఒడియాలో అన్నాను, చేత్తో కూడా చూపించాను. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టింది. ఇవాళ జాబితాలో జుమ్మెన్ అనే మాట కనబడింది. నోరు మూసుకుని కూనిరాగం తీయడం. తేనెటీగ చేసే చప్పుడుకీ అదే మాట. ఆ అవ్వ గొంతు అంతకంటే దగ్గరగా ఇంకే మాటలోనూ పట్టదు. రేపు జర్మనీలో ఏ ముసలాయన మంచం పక్కనో నిలబడినప్పుడు నొప్పి ఎక్కడ అని అడగడంతో పాటు, మీకు ఏ పాట ఇష్టం అని కూడా అడగగలగాలి. ఆ వాక్యం మటుకు తడబడకుండా వచ్చేదాకా అద్దం ముందు చెప్పుకున్నాను.

సామెతలు రెండు దొరికాయి, అవీ రాసుకుంటాను. "సంగీతాన్ని చేసేది స్వరమే" అని వాళ్లంటారు, అంటే ఏం అన్నావన్నది కాదు, ఎలా అన్నావన్నది ముఖ్యం. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనం అనేది అక్కడే. చెప్పిందే చెప్పేవాళ్లని "మళ్లీ ఆ పాత లైయరే" అంటారు, లైయర్ ఒక పాతకాలపు తీగ వాయిద్యం. ఇది చదవగానే అమ్మ వంటింట్లోంచి "పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ" అంది. అంతకంటే మంచి అనువాదం మా క్లాసులో ఎవరూ చెప్పలేరు.

పదకొండయింది. నాన్న పై చెక్క బిగించి పెట్టె మూస్తున్నాడు. టేపు ముక్కలు పీకేస్తాను, రేపు రిహార్సల్లో అడ్డమవుతాయి అన్నాను. వద్దన్నాడు. ఒకటిన్నర మెట్టు మీద వేలు పెట్టి, "ఇదేటి?" అని అడిగాడు.

"ట్సిస్."

"ట్సిస్," అన్నాడు. మెట్టు నొక్కి ఇంకోసారి అన్నాడు.