రాగి వైపు పట్టింది, స్టీల్ వైపు వదిలింది

పాల కేంద్రంలో పాలు చల్లబరిచే యంత్రం, అదే చిల్లర్‌లో చల్లనీళ్ళు తిరిగే రాగి కాయిల్ ఒకటి ఈ రోజు బాలానగర్‌లోని మా షెడ్డుకి రిపేరుకొచ్చింది. చివరనున్న ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) నిపుల్, అంటే గొట్టాన్ని తగిలించే చిన్న ముక్క, ఊడిపోయింది. ఊడిన చోటు చూడగానే సంగతి తెలిసిపోయింది. అతుకు లోహమంతా రాగి గొట్టాన్ని పట్టుకునే ఉంది, నిపుల్ లోపలి గోడకు మాత్రం ఏమీ అంటలేదు. ఏసీ పనివాళ్ళు కరిగించి అతుకు పెట్టే ఫాస్ఫరస్ రాడ్డుతో (ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీ) అతికారు. రాగికి రాగి అతకాలంటే అది చాలా మంచి రాడ్డు, ఫ్లక్స్ (లోహం మీది పొరను తీసి అతుకు అంటేలా చేసే మందు) కూడా అక్కర్లేదు. కానీ స్టీల్ తగిలితే ఆ ఫాస్ఫరస్ ఇనుముతో కలిసి పెళుసు పొర కడుతుంది. పైకి జాయింటు బ్రహ్మాండంగా కనబడుతుంది. పంపు అదురుకు కొన్నాళ్ళు తట్టుకుని, ఓ రోజు చటుక్కున వదిలేస్తుంది. రైతులు క్యాన్లతో వచ్చి నిలబడ్డ వేళ చిల్లర్ ఆగిపోతే ఆ పాలు ఏం కావాలి? ఇలాంటి పని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

తెచ్చినాయన "ఇత్తడి రాడ్డుతో కానిచ్చేయ్ అన్నా, వెండి రేటు చూశావుగా" అన్నాడు. రేటు మాట నిజమే. కిలో వెండి లక్ష దాటినప్పటి నుంచీ సిల్వర్ రాడ్డు తుంపులు కూడా డబ్బాలో దాస్తున్నాం. అయినా ఇత్తడి పారాలంటే దాదాపు 900 డిగ్రీలు కావాలి. ఆ వేడికి పల్చటి రాగి గొట్టం మెత్తబడి పాడైపోతుంది. 50 శాతం వెండి, 2 శాతం నికెల్ ఉన్న రాడ్డు తీశాను. అది 660 దగ్గర కరగడం మొదలై, 705 దాటేసరికి పూర్తిగా పారుతుంది. ఆ కాస్త నికెల్ ఎందుకంటే, ఎప్పుడూ తడిలో ఉండే ఎస్ఎస్ జాయింటులో అది లేకపోతే స్టీల్‌కీ వెండికీ మధ్య సన్నటి గీతగా తుప్పు మొదలై మొత్తం ఊడొచ్చేస్తుంది. కాడ్మియం కలిసిన పాతరకం రాడ్లు ఇంకా సులువుగా పారతాయి. వాటిని మాత్రం షెడ్డులోకి రానివ్వను, ఆ పొగ ప్రాణాంతకం.

పాత నిపుల్ పక్కన పెట్టి 304 రకం ఎస్ఎస్ కడ్డీలోంచి కొత్తది లేత్ మీద తీశాం. గొట్టం చివర పాత అతుకున్నంత మేరా కోసేశాం. గొట్టానికీ నిపుల్‌కీ మధ్య సందు 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండాలి, అంతకు మించితే వెండిని లోపలికి పీల్చుకోదు. ఎస్ఎస్‌తో అసలు తంటా దాని మీదుండే క్రోమియం ఆక్సైడ్ పొర. తుప్పు పట్టకుండా కాపాడేదీ అదే, వెండిని అంటనివ్వనిదీ అదే. ఎమరీ కాగితంతో గీకినా వెంటనే మళ్ళీ కట్టేస్తుంది. వట్టి వెలిగారానికి లొంగదు, ఫ్లోరైడ్ ఉన్న ఫ్లక్స్ కావాలి.

మంట ముందు రాగి మీదే పెట్టించాను. రాగిలో వేడి ఇట్టే పాకిపోతుంది. స్టీల్ అలా కాదు, మంట తగిలిన చోటే ఎర్రబడుతుంది. కుర్రాడు టార్చ్ ఒకేచోట నిలుపుతుంటే "తిప్పు నాన్నా, తిప్పుతూ ఉండు" అంటూనే ఉన్నాను. ఫ్లక్స్ బుడగలు వేసింది, తెల్లగా పొంగింది, అణిగింది. 600 దగ్గర నీళ్ళలా తేటపడింది. ఇక్కడ నాన్చకూడదు. ఎక్కువసేపు కాలిస్తే ఫ్లక్స్ చచ్చి నల్లబడుతుంది, ఆ తర్వాత ఎంత రాడ్డు పెట్టినా ఉండకట్టి జారిపోతుంది. మసక ఎరుపు తేలగానే మంటను పక్కకు జరిపించి, రాడ్డు అంచుకు ఆనించాను. రాడ్డును మంట కరిగించకూడదు, కాగిన ముక్కే కరిగించాలి. వెండి సర్రున చుట్టూ తిరిగి లోపలికి పోయింది. అవతలి అంచున సన్నటి తెల్ల గీత తేలింది. ఎన్నేళ్ళుగా చేస్తున్నా ఆ గీత కనబడితే నాకు మహా సంతోషం.

చల్లారాక వేడినీళ్ళలో నానబెట్టి బ్రష్‌తో రుద్దాం. ఫ్లక్స్ మిగిలితే అదే స్టీల్‌ను తినేస్తుంది. గాలి ఎక్కించి నీళ్ళ తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు.

కాయిల్ రెండో చివర కూడా అదే ఫాస్ఫరస్ అతుకు. ఇంకా ఊడలేదు కదా, ఉండనీ అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. మజూరీ వద్దులే, రాడ్డు డబ్బులు ఇవ్వు చాలు అని అక్కడికక్కడే రంపం పెట్టించాను. రేపు పొద్దున్నే దాని నిపుల్ కూడా లేత్ మీద తీయాలి.