ఒకే బెంచీకి రెండు రకాల రాడ్లు

బెంచ్ వైస్ బిగించుకోవడానికి ఇనుప బెంచీ ఒకటి చేయడం మొదలుపెట్టాను. కాళ్లకూ ఫ్రేముకూ 2 మిల్లీమీటర్ల మందం స్క్వేర్ పైపు, వైస్ కూర్చునే చోట 12 మిల్లీమీటర్ల ప్లేటు, దాని కింద అంతే మందం ఉన్న సపోర్టు ముక్కలు. అంతా మైల్డ్ స్టీలే (మామూలు మెత్తటి ఉక్కు) కాబట్టి వెల్డింగ్ రాడ్ కూడా ఒక రకం సరిపోతుందనుకున్నాను. నా దగ్గర 6013, 7018 రెండూ ఉన్నాయి. పెద్ద అంకె ఉన్నదే గట్టిది కదా అని 7018 తీశాను.

పైపు మీద మొదటి టాక్‌కే (ముక్కల్ని కదలకుండా పట్టే చిన్న వెల్డ్ చుక్క) రాడ్ అతుక్కుపోయింది. కరెంట్ పెంచితే చిల్లు పడింది, తగ్గిస్తే ఆర్క్, అంటే రాడ్ కొనకీ లోహానికీ మధ్య మండే కరెంట్ మంట, నిలవలేదు. ఎలాగో వేసిన బీడ్ (వెల్డ్ గీత) మీద స్లాగ్ (పూత కరిగి గట్టిపడ్డ పెంకు) కొట్టి చూస్తే, మొదలుపెట్టిన చోటల్లా సూదితో గుచ్చినట్టు రంధ్రాలు. సగం రోజు అలాగే పోయింది.

అప్పుడు కూర్చుని ఆ అంకెల అర్థం చదివాను. అది అమెరికన్ వెల్డింగ్ సొసైటీ కోడ్. మొదటి రెండు అంకెలు వెల్డ్ లోహానికి ఉండాల్సిన కనీస తన్యత బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు, 70 అంటే 70 వేలు. మూడో అంకె 1 అయితే అడ్డంగా, నిలువుగా, తలపైన ఎలాగైనా వేయొచ్చు. చివరి రెండూ కలిపి చదివితే రాడ్ మీది పూత ఏ రకమో, ఏ కరెంట్‌తో నడుస్తుందో తెలుస్తుంది. 60 వేల పౌండ్లంటే దాదాపు 414 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీల్ బలం కూడా 400 పైచిలుకే. అంటే ఈ పనికి 6013 బలం తక్కువేమీ కాదు. అసలు తేడా పూతలో ఉంది.

6013 పూతలో టైటానియం డయాక్సైడ్ ఎక్కువ, దాన్నే రూటైల్ అంటారు. ఆర్క్ తేలిగ్గా అంటుకుంటుంది, మెత్తగా కాలుతుంది, లోతుకి పెద్దగా దిగదు. పల్చటి పైపుకి కావలసింది సరిగ్గా అదే. 7018ది ఇనుప పొడి కలిపిన, హైడ్రోజన్ తక్కువగా ఉండే పూత. దానికి తేమ తగలకూడదు. నా ప్యాకెట్ నెలల తరబడి తెరిచే ఉంది. రంధ్రాలకు ఆ తేమ ఒక కారణం, నేను ఆర్క్ పొడుగ్గా పట్టుకోవడం ఇంకో కారణం.

2.5 మిల్లీమీటర్ల 6013తో, 70 ఆంప్స్ దగ్గర కాళ్ల పని ఇబ్బంది లేకుండా అయిపోయింది.

ఇక మిగిలింది వైస్ కింది ప్లేటు. అదే 6013లో 3.15 సైజుతో తుక్కు ముక్కలు రెండు టీ ఆకారంలో, ఒకవైపు మాత్రమే అతికించాను. బీడ్ చూడ్డానికి ఎంతో అందంగా వచ్చింది. వైస్ మీద రోజూ సుత్తి దెబ్బలు పడతాయి కదా, ఒకసారి విరగ్గొట్టి చూద్దామనిపించింది. నాలుగు దెబ్బలకే విరిగింది. లోపల మూల పొడుగునా నల్లటి స్లాగ్ గీత, దాని కింద ప్లేటు అంచు కరగనే లేదు.

తప్పంతా రాడ్‌దే అనను. 95 ఆంప్స్ ఆ మందానికి తక్కువ, పైగా ప్లేటు మీది మిల్ స్కేల్ (ఫ్యాక్టరీలో వేడికి ఏర్పడే నల్లటి పొర) తీయలేదు. గ్రైండర్‌తో తెల్లగా తీసి, 120 పెట్టి మళ్లీ వేస్తే చాలా మెరుగైంది. అయినా నిలువు జాయింట్‌లో స్లాగ్ కరిగిన లోహం కంటే ముందుకి జారి, ఒకచోట లోపల ఇరుక్కుంది. దెబ్బలు తినే జాయింట్‌లో అలాంటిది ఒక్కటి ఉన్నా నాకు మనసు ఒప్పదు.

అందుకే సీల్ విప్పని 7018 ప్యాకెట్ తెచ్చాను. డీసీలో రాడ్‌ని పాజిటివ్‌కి పెట్టి, 115 ఆంప్స్‌తో, రాడ్ కొన లోహాన్ని దాదాపు తాకేంత దగ్గరగా పట్టుకుని నడిపాను. నిలువు జాయింట్లు కింది నుంచి పైకి వేశాను. ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కొన మీద గాజులాంటి పెంకు కడుతుంది, దాన్ని ఆకురాయితో గీకితే గానీ ఆర్క్ అంటుకోదు. దీంతో తుక్కు ముక్కల మీద వేసిన నమూనాని కూడా సుత్తితో కొట్టాను. పూర్తిగా వంగిపోయింది, విరగలేదు. ఆ ముక్క చూశాక గానీ టెన్షన్ పోలేదు.

తుప్పు పట్టిన ఇనుముకి 6011 వాడతారు. దానిది సెల్యులోజ్ పూత, ఆర్క్ లోతుకి దూసుకుపోతుంది. నాకు మాత్రం తుప్పు గీకి 6013 వేయడమే నయమనిపించింది. 6011ని ఓవెన్‌లో ఆరబెట్టకూడదు, దాని పూతకి కొంత తేమ అవసరం. తేమ పట్టిన 7018కి ఇది పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని 300 డిగ్రీలు దాటిన వేడిలో గంట పైన ఉంచాలి. సరిగ్గా ఎంత వేడి, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పినట్టే చేయాలి. నా దగ్గర అలాంటి ఓవెన్ లేదు.

ప్లేటు పని అయ్యేసరికి కొత్త ప్యాకెట్‌లో ఆరు రాడ్లు మిగిలాయి. విప్పి నాలుగు గంటలు దాటింది. స్ట్రక్చరల్ పనుల్లో మామూలు 7018ని బయట ఉంచే గడువు అంతే. వాటి మీద మార్కర్‌తో గీత పెట్టి, ప్రాక్టీస్ డబ్బాలో వేసేశాను.