పెళ్లి ఫొటో వెనక చర్చి

గుంటూరులో మా చర్చి ఆఫీసు గోడకి ఓ పాత ఫొటో ఉంది. గోపురానికి ఇప్పటి గులాబీ రంగు లేదు, ఫ్లెక్సీలూ లేవు. వరండాలో ఒకాయన తల మాత్రం పొగలా అలుక్కుపోయింది. కదిలుంటాడు, పాపం!

1851లో ఫ్రాన్స్ ప్రభుత్వం పాత కట్టడాలను ఫొటోలు తీయమని ఐదుగురికి పని అప్పజెప్పింది. వాళ్లలో ఆన్రీ ల సెక్ రీమ్స్ అనే ఊళ్లోని పెద్ద చర్చిని తీశాడు. అప్పటి కాగితం నెగటివ్‌కి చాలాసేపు వెలుతురు పట్టాలి, నడిచేవాళ్లు అందులో పడరు. అందుకే చర్చి ముందు ఊరే లేనట్టుంటుంది. 1914లో ఫిరంగి గుండ్లకి ఆ చర్చి తగలబడింది. అంతకుముందు శిల్పాలెలా ఉండేవో చూడాలంటే ఇలాంటి ఫొటోలే దిక్కు.

మనమేమో 1885 నాటి ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీని అడ్రసు చెప్పడానికి వాడుకుంటాం, అంతే. మీ ఇంట్లో పాత పెళ్లి ఫొటోల వెనక చర్చి కనిపిస్తే స్కాన్ చేసి పంపండి. పెళ్లికొడుకు ఎవరైనా పర్లేదు.